మన వీధి, మన సంత, మన నోటుబుక్కు: ఒడిశా సరిహద్దు తెలుగువాళ్ళు ఫీల్డ్‌వర్క్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్, బరంపురం వైపు డిగ్రీ, పీజీ చదివే పిల్లలు, స్కూలు టీచర్లు, రిటైరైన కొందరు ఉద్యోగులు కనబడ్డప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్నలివి. మన చుట్టూ ఉన్న రోజువారీ జీవితాన్ని గమనించి రాయాలన్న కోరిక వీళ్ళందరిలోనూ ఉంది. మానవశాస్త్రం, అంటే మనుషులు కలిసి బతికే తీరుని చదివే శాస్త్రం, ఆ పనిని ఫీల్డ్‌వర్క్ అంటుంది. ఎలా మొదలుపెట్టాలన్నదే సందేహం. నాకు తెలిసినంతలో జవాబులు రాశాను.

మానవశాస్త్రం అంటే కొండల మీద గిరిజనుల గురించి కదా? పట్నంలో ఉండే మాకు అందులో ఏం పని?

అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. అందుకే కాస్త పొడుగ్గా చెబుతాను.

మన ప్రాంతం గురించి రాసిన మానవశాస్త్రవేత్తలు చాలామంది తిన్నగా కొండెక్కారు. వెరియర్ ఎల్విన్ గంజాం, కోరాపుట్ కొండల్లో తిరిగి సవరల మత జీవితం మీద పెద్ద గ్రంథం రాసి 1955లో అచ్చువేశాడు. తర్వాత పియర్స్ విటెబ్‌స్కీ సవర ఊళ్ళలో చాలా ఏళ్ళు ఉండి, చనిపోయినవాళ్ళు పూనకం వచ్చిన మనిషి నోట బతికున్నవాళ్ళతో మాట్లాడే తీరును రాశాడు. గొప్ప పని. కానీ ఆ కొండ మీద కాసిన చింతపండు, పసుపు, జీడిపిక్కలు, కొండచీపుళ్ళు దిగొచ్చేది ఎక్కడికి? మన సంతకి, మన షాపుకి. కాటా పట్టుకున్నది ఎవరు? చాలాచోట్ల మనవాళ్ళే. షావుకారు, బస్సు కండక్టరు, ట్యూషన్ మాస్టారు, కాంట్రాక్టరు, టైలరు, మెడికల్ షాపువాడు. కొండ ఊరి జీవితంలో వీళ్ళందరూ రోజూ ఉంటారు. పుస్తకాల్లో మాత్రం అప్పుడప్పుడు, అదీ పేరు లేకుండా, ‘వ్యాపారి’ అన్న ఒక్క మాటగా వస్తారు.

అందుకే నేను గట్టిగా నమ్మేది ఇది. ఈ సరిహద్దులో రోజువారీ జీవితాన్ని చదవాలంటే మనల్ని మనం కూడా చదువుకోవాలి. కొండవాళ్ళని చూసేవాళ్ళం మనం, చూడబడేవాళ్ళు వాళ్ళు అన్న లెక్కతో మొదలుపెడితే సగం కథ పోతుంది. ఆ పోయేది మనకి బాగా తెలిసిన సగం.

ఇందులో కొత్తదనమేమీ లేదు. ఎస్.సి. దూబే అనే మానవశాస్త్రవేత్త హైదరాబాదు దగ్గర శామీర్‌పేటని తీసుకుని 1955లో ఒక పల్లె జీవితం మొత్తం పుస్తకంగా ఇచ్చాడు. కొండ లేదు, అడవి లేదు. కులాలు, పండగలు, తగాదాలు, వంటిళ్ళు, ఊళ్ళో రోజూ జరిగేవే. మన తెలుగు ఊరు అప్పుడే ఈ శాస్త్రంలోకి ఎక్కింది. మన బజారు కూడా ఎక్కాలి.

సర్వేకీ, ఫీల్డ్‌వర్క్‌కీ తేడా ఏమిటి?

సర్వేలో ప్రశ్న ముందే తయారై ఉంటుంది. ఫీల్డ్‌వర్క్‌లో ఏం అడగాలో అక్కడి మనుషులే మనకి నేర్పుతారు. ‘మీ ఇంట్లో నెలకి ఎంత ఖర్చు?’ అని సర్వే అడుగుతుంది. అదే ఇంట్లో పదిసార్లు టీ తాగితే, ఖర్చు లెక్క ఎవరి చేతిలో ఉంటుందో, అత్తగారికి తెలియకుండా కోడలు ఎవరి దగ్గర చేబదులు తెస్తుందో, ఏ అప్పు తీర్చకపోయినా ఫరవాలేదో, ఏ అప్పు తీర్చకపోతే తలెత్తుకోలేరో తెలుస్తుంది. రెండూ అవసరమే. ఒకదాని పని ఇంకోటి చెయ్యదు.

ఎన్నాళ్ళు ఉండాలి?

పాత పద్ధతిలో కనీసం ఒక ఏడాది అంటారు. పంట, పండగ, వాన, పెళ్ళిళ్ళ సీజను అన్నీ ఒక చుట్టు తిరగాలని. మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1915 నుంచి 1918 మధ్య రెండు విడతలుగా పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో గుడారం వేసుకుని ఉన్నాడు, అప్పటినుంచీ ఆ లెక్క స్థిరపడింది. ఉద్యోగం, సంసారం ఉన్నవాళ్ళకి అది కుదరదు. వారానికి ఒకసారి, ఒకే సంతకి, ఒకే చోటికి, ఏడాదంతా వెళ్ళండి. అది కూడా మంచి ఫీల్డ్‌వర్కే.

మొదట ఎక్కడ కూర్చోవాలి?

మనుషులు ఎలాగూ ఆగే చోట. బస్టాండు, రేషన్ డిపో, మిల్లు, బోరింగు, పార లేదా కొడవలి సాన పట్టే కమ్మరి కొలిమి. ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉంటారు కాబట్టి, ఊరికే కూర్చున్న మీరు వింతగా కనబడరు.

నాకు బాగా ఇష్టమైన చోటు నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే రైలు. పర్లాకిమిడి రాజావారి కాలంలో, 1900లో, నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా చిన్న రైలుగా మొదలైంది. 1931 నాటికి గుణుపురం చేరింది. ఇప్పుడు బ్రాడ్‌గేజి. టెక్కలి, పాతపట్నం దాటి పర్లాకిమిడి వచ్చేలోపు రాష్ట్రం మారిపోతుంది. ఒక పెట్టెలో కిటికీ పక్కన కూర్చుని, ఎవరు ఎవరితో ఏ భాషలో మొదలుపెట్టారు, ఎక్కడ మార్చారు, టీటీఈ వస్తే ఏ భాషలోకి వెళ్ళారు, ఫోనులో ఇంటివాళ్ళతో ఏది మాట్లాడారు అన్నది మాత్రమే రాసుకోండి. ఇంకేమీ వద్దు. ఒకామె కూరగాయల గంపకి చోటు అడిగేటప్పుడు ఒడియా, చోటు ఇవ్వనప్పుడు తెలుగు, ఇచ్చాక మళ్ళీ ఒడియా. ఆ ఒక్క వరస మీద ఎంతసేపైనా ఆలోచించవచ్చు.

నోట్స్ ఎలా రాయాలి? ఏం రాయాలో తెలియక పేజీ ఖాళీగా ఉంటోంది.

అక్కడ ఉన్నప్పుడు నాలుగైదు ముక్కలు గీసుకోండి. ఒక మాట, ఒక అంకె, ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఒక చిన్న బొమ్మ. ఇంటికొచ్చి, నిద్రపోకముందే పూర్తిగా రాయండి. తెల్లారితే సగం పోతుంది, మిగిలిన సగానికి మన తెలివి కలిసిపోతుంది.

పేజీ ఎలా ఉండాలో చెప్పడం కంటే చూపించడం మేలు. గుణుపురం వైపు ఒక సంతలో రాసుకున్నది ఇలా ఉంది:

‘పొద్దున్నే. ఎండ ఇంకా ఎక్కలేదు. చింతపండు బుట్ట నెత్తిన పెట్టుకుని ఒకామె, నలభై దాటి ఉంటాయి. వెంట పదేళ్ళ పిల్ల. సంతలోకి రాకముందే, రోడ్డు మలుపులోనే, ఒక కుర్రాడు అడ్డొచ్చి బుట్ట అంచు పట్టుకున్నాడు. ఆమె బుట్ట దించలేదు. కుర్రాడు ఒడియాలో రేటు చెప్పాడు. ఆమె జవాబివ్వలేదు. పిల్లతో సవర భాషలో ఏదో అంది. పిల్ల సంతలోకి పరిగెత్తి, కాసేపటికి తిరిగొచ్చి వేళ్ళు చూపించింది. అప్పుడు ఆమె తెలుగులో, ఇవ్వను బాబూ, అని ముందుకు నడిచింది. లోపల కాటా దగ్గర షావుకారు, రా అప్పా కూకో, అన్నాడు. తూకం అయ్యాక తరుగు కింద కొంత తీసేశాడు. ఎంత తీశాడో నాకు కనబడలేదు. డబ్బుల్లో కొంత చేతికి ఇచ్చాడు, కొంత ఖాతాలో రాసుకున్నాడు. ఆమె పుస్తకం వంక చూడలేదు. అతని మొహం వంక చూసింది. పిల్లకి ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చాడు. దానికి డబ్బు తీసుకోలేదు.’

ఇందులో ‘దోపిడీ’ అన్న మాట లేదు, ‘ఆప్యాయత’ అన్న మాటా లేదు. రెండూ ఉండి ఉండొచ్చు. తీర్పు ముందే రాసేస్తే ఇక చూడడం ఆగిపోతుంది. ఈ పేజీ నుంచి పుట్టే ప్రశ్నలు చూడండి. మలుపులో బుట్ట పట్టుకునే కుర్రాళ్ళు ఎవరి తరఫున నిలబడతారు? ధర కనుక్కునే పని పిల్లకి ఎప్పటినుంచి? ఆమె షావుకారుకి ‘అప్ప’, అంటే అక్క, ఎలా అయింది, ఆమె తల్లి కూడా ఇదే కాటాకి వచ్చేదా? ఖాతాలో ఉన్న పాత బాకీ ఏ అవసరానికి తీసుకున్నది, జ్వరానికా, పెళ్ళికా, కర్మకాండకా? తర్వాతి వారం వెళ్ళేసరికి ఏం చూడాలో మీకు తెలుసు. షావుకారు ఇంట్లో ఆ ఖాతా గురించి ఏమనుకుంటారో కూడా అడగాలి. ఆయన మన పినమామ కావచ్చు, అయినా అడగాలి.

ఇంకో మాట. చూసింది, విన్నది, నాకు అనిపించింది అనే మూడింటినీ విడివిడిగా రాయండి. రంగు పెన్నులు వాడినా సరే, పేజీ మడత పెట్టి కుడివైపు ‘అనిపించింది’ రాసినా సరే. ఏడాది తర్వాత చదివేటప్పుడు ఏది ఏదో తెలియాలి.

కాపీలు కూడా తీసి పెట్టుకోండి. ఎం.ఎన్. శ్రీనివాస్ అనే సామాజిక శాస్త్రవేత్త మైసూరు దగ్గర రాంపుర అనే ఊరి మీద ఏళ్ళ తరబడి సిద్ధం చేసుకున్న నోట్స్ 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో పెట్టిన మంటలో కాలిపోయాయి. ఆయన ఆ ఊరిని జ్ఞాపకం నుంచి తిరిగి రాశాడు, ఆ పుస్తకం 1976లో వచ్చింది. అందరికీ ఆ జ్ఞాపకశక్తి ఉండదు.

నాకు సవర, కువి భాషలు రావు. ఒడియా కూడా అంతంతమాత్రం. ఎలా?

నేర్చుకోండి. దుబాసీని పెట్టుకుని పని కానిచ్చేయడం మొదట్లో తప్పదు, అలవాటైతే మాత్రం నష్టం.

ఈ విషయంలో మన ముందున్న మనిషి గిడుగు రామమూర్తి గారు. వ్యావహారిక భాష కోసం పోరాడినవాడిగా ఆయన్ని అందరూ తలుచుకుంటారు. ఆగస్టు 29న దండలు వేస్తారు. కానీ అదే మనిషి పర్లాకిమిడిలో రాజావారి బడిలో పాఠాలు చెబుతూ, సవరలతో కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని, వ్యాకరణం రాసి, నిఘంటువు కూర్చి, సవర పిల్లలకి బడి పెట్టిన సంగతి తక్కువమంది చెప్పుకుంటారు. ఆయన సవర భాషా గ్రంథం మద్రాసులో 1931లో అచ్చయింది. దాని వెనక కొన్ని దశాబ్దాల చాకిరీ ఉంది. మాట్లాడే మనిషి నోట ఉన్న భాషే భాష అన్న ఆయన పట్టుదలకి సవర గూడేల్లో గడిపిన కాలం కూడా ఒక కారణమని నా అభిప్రాయం. రాత లేని భాషలో కూడా పకడ్బందీ వ్యాకరణం ఉందని చెవులారా విన్న మనిషి, ఇంట్లో మాట్లాడే తెలుగుని తప్పు అనగలడా?

ఆయన 1936లో పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్ళిపోయాడు. ఆ ఏప్రిల్ 1న ఒడిశా కొత్త రాష్ట్రంగా ఏర్పడి, పర్లాకిమిడి అటు చేరింది. అదే 1936లో మంగెయ్ గొమాంగో సవర భాషకి సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి తయారుచేశాడు. మన ఊళ్ళో ఉన్నవాళ్ళకి కొత్త రాష్ట్రం, సవర లిపి ఈ రెండూ ఒకే ఏడాది వచ్చాయని బళ్ళో ఎవరూ చెప్పరు. చెప్పాలి.

నోట్స్ ఏ భాషలో రాసుకోవాలి?

విన్న మాట విన్న భాషలోనే, తెలుగు లిపిలో. మీ వ్యాఖ్య మీకు కలలు వచ్చే భాషలో.

సిద్ధాంతాలు చదవాలా? నాకు ఆ పుస్తకాలంటే టెన్షన్.

చదవాలి. కానీ ముందు మన ఇంట్లో ఒక వస్తువు పట్టుకుని చదివితే టెన్షన్ ఉండదు. చదివింపుల పుస్తకం తీసుకోండి.

పెళ్ళి పందిట్లో ఒక మూల బల్ల వేసుకుని, లెక్క తెలిసిన బంధువు ఒకాయన కూర్చుంటాడు. పేరు, ఊరు, మొత్తం రాస్తాడు. పెళ్ళయ్యాక ఆ పుస్తకం బీరువాలో చీరల కింద పెడతారు. పదిహేనేళ్ళ తర్వాత అవతలివాళ్ళ ఇంట శుభకార్యమైతే దాన్ని తీసి, వేలితో వరస వెతికి, ‘వీళ్ళు మనకి ఇంత చదివించారు’ అని చూసి, దానికి కొంచెం కలిపి కవర్లో పెడతారు. సరిగ్గా అంతే ఇస్తే బాగోదు. మరీ ఎక్కువ ఇచ్చినా బాగోదు. ఎందుకు బాగోదో ఎవరూ వివరించలేరు, అందరికీ తెలుసు.

1925లో మార్సెల్ మోస్ అనే ఫ్రెంచి పండితుడు కానుకల మీద రాసిన వ్యాసంలో చెప్పింది ఇదే. ఇవ్వడం, తీసుకోవడం, తిరిగివ్వడం మూడూ బాధ్యతలే. కానుక పైకి ఇష్టంతో ఇచ్చినట్టు ఉంటుంది, లోపల కట్టుబాటు ఉంటుంది, ఆ కట్టుబాటే మనుషుల్ని కలిపి ఉంచుతుంది. మీ అమ్మగారికి ఈ సిద్ధాంతం వచ్చు. మోస్ దానికి పొడుగాటి చూపు ఇచ్చాడు, పసిఫిక్ దీవుల నుంచి మన మహాభారతంలోని దానధర్మాల దాకా.

ఇక ఇక్కడ మనం ఆయన కంటే ముందుకు వెళ్ళగలిగే చోటు ఒకటుంది. నేను చూసిన కొన్ని షావుకార్ల పెళ్ళిళ్ళలో, కొండ ఊళ్ళ నుంచి ఖాతాదారులు కూడా వస్తారు. ఒక పనసకాయో, చోళ్ళ మూటో, కోడినో తెస్తారు. దొడ్డివైపు నుంచి వస్తారు, భోజనం పెడతారు, కొత్త తువ్వాలు ఇస్తారు. ఆ పనసకాయ చదివింపుల పుస్తకంలో ఎక్కదు. ఎక్కనిదానికి తిరిగివ్వడం ఎలా? తువ్వాలుతో సరిపోయిందా, లేక ఖాతాలో ఎక్కడైనా తగ్గిందా? ఎవరి కానుక పుస్తకంలోకి వస్తుంది, ఎవరిది దొడ్డిదారిన పోతుంది? ఈ ప్రశ్న మోస్‌ని చదివాక అడగడం తేలిక, కానీ దీనికి జవాబు మన పందిళ్ళలోనే ఉంది.

అలాగే మేరీ డగ్లస్ అనే మానవశాస్త్రవేత్త 1966లో మురికి అంటే ఉండాల్సిన చోట లేని పదార్థం అని రాసింది. మడి, అంటు, ఎంగిలి తెలిసిన మనకి ఆ మాట చప్పున అందుతుంది. ఆర్నాల్డ్ వాన్ జెనెప్ 1909లో చెప్పిన దాటింపు కర్మల (మనిషిని జీవితంలో ఒక దశ నుంచి ఇంకో దశకి దాటించే కర్మల) వరస, అంటే విడదీయడం, నడిమధ్య ఉంచడం, తిరిగి కలుపుకోవడం, మీ ఇంటి సమర్త వేడుకలో కనబడుతుంది. సిద్ధాంతాన్ని ఇలా మన గడపలోంచి చూసి, సరిపోనిచోట ‘ఇక్కడ సరిపోలేదు’ అని రాయండి. ఆ రాతకే విలువ.

సొంత ఊళ్ళో, సొంతవాళ్ళ మీద చెయ్యడం తప్పు కాదా? నిష్పక్షపాతం పోతుందంటారు.

బయటి మనిషికి కనబడేది మనకి కనబడదు. మనకి వినబడేది బయటి మనిషికి వినబడదు. ఎవరికి వాళ్ళు ఎక్కడ నిలబడి చూస్తున్నారో దాచకుండా రాయాలి, అంతే. మీ కులం, మీ ఇంటి వ్యాపారం, మీ వయసు, ఆడో మగో అన్నదాన్ని బట్టి కొన్ని తలుపులు తెరుచుకుంటాయి, కొన్ని మూసుకుంటాయి. మొదటి పేజీలోనే అది రాయండి.

సొంత ఊళ్ళో అసలు కష్టం వేరే. మనకి అన్నీ మామూలుగా అనిపిస్తాయి. దానికి నేను వాడే ఉపాయం చిన్నది. ఒడియా మాత్రమే తెలిసిన స్నేహితుడిని ఒకరోజు ఇంటికి పిలిచి, ప్రతి పనికీ ‘ఇది ఎందుకు?’ అని అడగమనండి. గడపకి పసుపు ఎందుకు, చెప్పులు అక్కడే ఎందుకు, ఈమెని పిన్ని అని, ఆమెని అత్త అని ఎందుకు. మీరు తడుముకున్న ప్రతిచోటా ఒక ఫీల్డ్‌నోట్ ఉంది.

ఆడపిల్లని. సంతలో, టీకొట్టు దగ్గర కూర్చోలేను. ఏం చెయ్యను?

మగవాళ్ళు ఎప్పటికీ వెళ్ళలేని చోట్లు మీకున్నాయి. బాలింత గది, వంటిల్లు, బోరింగు దగ్గర క్యూ, స్వయం సహాయక సంఘం మీటింగు, మధ్యాహ్న భోజనం వండే వంటశాల. సంఘం అప్పు వాయిదా రోజున ఎవరు ఎవరి తరఫున కడతారో ఒక్కసారి చూడండి. సంతలోకి వెళ్ళాలనే ఉంటే, అమ్మేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే కాబట్టి వాళ్ళ పక్కన గోనె పరుచుకుని కూర్చోండి, కాయగూరలు పేర్చడంలో చెయ్యి కలపండి. టీకొట్టు బెంచీ కంటే అక్కడే ఎక్కువ తెలుస్తుంది. ఒంటరిగా కొత్త ఊరికి వెళ్ళేటప్పుడు ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి, చీకటి పడేలోగా తిరిగి బయల్దేరండి.

జనం ఒకటి చెప్పి ఇంకోటి చేస్తారు. ఏది నిజం?

రెండూ. ‘మేం ఆ ఇంట్లో తినం’ అని చెప్పడం ఒక నిజం, తినడం ఇంకో నిజం. ఎవరి ముందు చెప్పారు, ఎవరూ లేనప్పుడు ఏం తిన్నారు అన్నది మూడోది. పట్టేశామని సంబరపడకండి. మనిషికి తన మర్యాదని కాపాడుకునే హక్కుంది.

ఇంటర్వ్యూ, నోట్స్ కాకుండా కొత్తగా, సృజనాత్మకంగా చేసే పద్ధతులున్నాయా?

చాలా ఉన్నాయి, ఈ పనిలో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చేవి అవే.

1937లో ఇంగ్లండులో మాస్ అబ్జర్వేషన్ అని ఒక ప్రయత్నం మొదలైంది. మామూలు మనుషుల్నే తమ రోజు గురించి రాసి పంపమన్నారు. ఆ ఏడాది మే 12న రాజుగారి పట్టాభిషేకం రోజు ఎవరెవరు ఏం చేశారో అలా పోగుచేశారు. మనకి ఇలాంటి రోజు ఉంది. బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణి జాతర వస్తుంది. అమ్మవారు నేతవాళ్ళ వీధికి పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. మొక్కుకున్నవాళ్ళు రకరకాల వేషాలు కడతారు. ఆ రోజుల్లో ఒక రాత్రి, ఒకే వీధిలోని ఒక మగ్గం మనిషి, ఒక స్కూలు పిల్ల, పోలీసు డ్యూటీలో ఉన్నాయన, వేషం కట్టినవాడి తల్లి, సోడా బండివాడు తలా ఒక పేజీ రాస్తే, లేదా ఫోనులో చెప్పి రికార్డు చేస్తే ఎలా ఉంటుంది? ఊరేగింపు గురించి పేపర్లో ఎటూ వస్తుంది. వేషగాడి తల్లి నిద్ర ఎక్కడా రాదు.

1974 అక్టోబరులో జార్జ్ పెరెక్ అనే రచయిత పారిస్‌లో ఒక కూడలి దగ్గర మూడు రోజులు కూర్చుని, చెప్పుకోదగ్గవి వదిలేసి, ఏమీ జరగనట్టు కనబడేదంతా రాశాడు. వెళ్ళే బస్సులు, పావురాలు, గొడుగులు. రాయగడ స్టేషను బయట ఆటోలు ఆగే చోట ఒక గంట ఇలా రాయండి. మొదటి పావుగంట విసుగు. తర్వాత చెయ్యి నొప్పెట్టేంత కనబడుతుంది.

పిల్లల చేత పటం గీయించడం ఇంకో మంచి పద్ధతి. ‘మీ ఇంటి నుంచి బడి దాకా గీయండి’ అనండి, అంతే. ఒకే వీధి పిల్లలు ఒకే దారిని గీసినా, ఒకరి పటంలో కుక్క పెద్దది, ఒకరి పటంలో సారాకొట్టు, ఒకరి పటంలో నడవకూడని సందు. ఆ సందు ఎందుకు నడవకూడదో అడిగేటప్పుడు జాగ్రత్త, జవాబు కులం కావచ్చు, తాగుబోతు కావచ్చు, దెయ్యం కావచ్చు.

ఒక వస్తువు జీవితకథ రాయడం కూడా బాగుంటుంది. అడ్డాకు విస్తరి తీసుకోండి. అడవిలో ఆకు కోసిన చెయ్యి, కుట్టిన చెయ్యి, కట్టలు కట్టి బస్సు టాప్ మీద వేసినవాడు, పెళ్ళిలో వేసినవాడు, తిన్నాక ఎత్తినవాడు, చివరికి దాన్ని తిన్న ఆవు. ఒక్క విస్తరి వెంట నడిస్తే ఈ ప్రాంతంలో ఎవరు ఎవరి మీద ఆధారపడి ఉన్నారో మొత్తం బయటపడుతుంది. శబ్దాలతోనూ చెయ్యొచ్చు. తెల్లవారుజామున గుడి మైకు, చర్చి పాట, మసీదు అజాన్, మిల్లు సైరన్, మొదటి బస్సు హారన్, ఇవి ఏ వరసలో వినబడతాయో రాసి ఉంచండి. పదేళ్ళ తర్వాత ఆ వరస మారి ఉంటుంది.

ఫోటోలు, రికార్డింగులు తీసుకోవచ్చా?

అడిగి. చదువు రానివాళ్ళైతే వాళ్ళ భాషలో, ఎందుకో, ఎవరు చూస్తారో చెప్పి. ‘సరే’ అన్న మనిషి మర్నాడు ‘వద్దు’ అంటే తీసేయాలి. పూనకం, చావు, వైద్యం, తగాదా, ఈ నాలుగు చోట్ల ఫోను జేబులోంచి తియ్యకపోవడమే మర్యాద. పేర్లు మార్చి రాయండి. చిన్న ఊళ్ళో పేరు మార్చినా ‘కుంటి టైలరు’ అంటే అందరికీ తెలిసిపోతుంది, కాబట్టి గుర్తులు కూడా మార్చండి.

మాట్లాడినందుకు డబ్బులివ్వాలా?

ఒక రోజు కూలి పోగొట్టుకుని మీతో కూర్చుంటే ఆ కూలి ఇవ్వాలి. మామూలు కబుర్లకి డబ్బు లెక్కలు వద్దు. ఆసుపత్రికి తోడు వెళ్ళడం, అప్లికేషన్ నింపిపెట్టడం లాంటివి చెయ్యండి. చేస్తామని చెప్పి చెయ్యకపోవడం మాత్రం వద్దు.

కొండ ఊళ్ళకి వెళ్ళాలంటే?

ఊరి పెద్దల అనుమతి ముందు. తర్వాతే మిగతావి. ‘వింత ఆచారాలు’ వెతుక్కుంటూ వెళ్ళకండి. పుస్తకంలో చదివిన ఊరు అలాగే ఉందనుకోకండి. సవర యువతలో చాలామంది బాప్టిస్టు క్రైస్తవులయ్యారు. విటెబ్‌స్కీ తన తర్వాతి పుస్తకంలో ఆ మార్పునే రాశాడు. పిల్లలు హాస్టళ్ళలో ఒడియా చదువుతున్నారు, అన్నలు కేరళకో చెన్నైకో పనికి వెళ్తున్నారు. ఆ ఊరి రోజువారీ జీవితంలో ఇప్పుడు వాట్సాప్ వాయిస్ మెసేజ్ కూడా ఒక భాగం.

వాళ్ళ రోజువారీ జీవితం ఎంత బరువైన విషయమో తెలియాలంటే నియమగిరిని గుర్తుచేసుకోండి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ కొండ మీద బాక్సైటు తవ్వకం అక్కడి డొంగ్రియా కొంధు గిరిజనుల దైవారాధన హక్కుకి అడ్డా కాదా అన్నది గ్రామసభలే తేల్చాలంది. రాయగడ, కలహండి జిల్లాల్లో పన్నెండు ఊళ్ళ సభలు కూర్చున్నాయి. పన్నెండూ వద్దన్నాయి. డొంగ్రియా కొంధులు తమ కొండ, ఊట, చెట్టు, తమ దైవం నియమరాజు గురించి ఇంట్లో మాట్లాడుకునే మాటలే అక్కడ సాక్ష్యమయ్యాయి. అలాంటి మాటల్ని మనం నోటుబుక్కులో రాసుకుంటున్నప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయాలి.

సరిహద్దు తగాదా ఉన్న ఊళ్ళ గురించి రాయొచ్చా?

రాయాలి, కానీ జాగ్రత్తగా. కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులోని కొఠియా ఊళ్ళు ఒడిశావా, ఆంధ్రావా అని చాలా ఏళ్ళుగా నలుగుతున్నాయి. రెండు ప్రభుత్వాలూ పథకాలు ఇస్తాయి, రెండువైపులా కార్డులు, ఓట్లు ఉన్నవాళ్ళున్నారు. అక్కడ ఒక ఇల్లాలు ఏ కార్డు ఏ డబ్బాలో పెడుతుంది, జ్వరమొస్తే సాలూరు వెళ్తుందా పొట్టంగి వెళ్తుందా అన్నది పెద్ద పెద్ద సిద్ధాంతాలకి అందని, రాజ్యం గురించిన విజ్ఞానం. కానీ ఎవరి దగ్గర ఏ కార్డుందో మీ రాతలో పేరుతో వస్తే, రేపు ఆ ఇంటికి రేషను ఆగొచ్చు. అలాంటి వివరం ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

రాసిందాన్ని ఏం చెయ్యాలి?

ముందు వాళ్ళకి చూపించండి. చదవలేనివాళ్ళకి చదివి వినిపించండి, వాళ్ళ భాషలో. 1950ల్లో జాన్ రూష్ అనే ఫ్రెంచి దర్శకుడు నైజర్ నదిలో నీటిఏనుగు వేట మీద తీసిన సినిమాని ఆ వేటగాళ్ళకే వేసి చూపించాడు. సంగీతం ఎందుకు పెట్టావు, ఆ చప్పుడుకి నీటిఏనుగు పారిపోదా, అని వాళ్ళు తప్పుపట్టారు. ఆ విమర్శ ఆయన మనసులో ఉండిపోయింది. షావుకారుకి కూడా చదివి వినిపించండి. ఆయన కోప్పడవచ్చు. ‘తరుగు గురించి రాశావు, నేను మీ నాన్నకి చెయ్యి అడ్డుపెట్టి ఫీజు కట్టింది రాయలేదేం?’ అనవచ్చు. అదీ రాయండి.

దీన్ని చదువుగా చదవాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, కోరాపుట్‌లో ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం, భువనేశ్వర్‌లో ఉత్కళ, హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం, వీటన్నిటిలోనూ మానవశాస్త్ర శాఖలున్నాయి. డిగ్రీలో ఏ సబ్జెక్టు చేసినవాళ్ళని తీసుకుంటారన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, నోటిఫికేషన్ చూసుకుని అప్లై చెయ్యండి. ఈలోగా వచ్చే సంత రోజుకి ఒక నోటుబుక్కు కొనుక్కోండి. చొక్కా జేబులో పట్టేది.